పట్టికలోని పట్టికలు



గణకయంత్రమునకు పని చెప్పుటకై ఏర్పడిన భాషలు పెక్కు కలవు. వానిలో పైథాన్ అనునది యొకటి. హాలండు దేశీయుడగు గీడో వాన్ రోసమ్ దీనిని నిర్మించి 1991లో వెలువరించెను. ఈ భాషలో పట్టికలోపల పట్టికల నిముడ్చు విధమును, వానిని వరుసపెట్టు విధమును నేడు మనవి చేసెదను. మన భూముల లెక్కలు యంత్రములలోనికి చేరినవి గనుక ఇది మనకును తెలియదగిన విషయమే.

అమరకోశము చదివినవారి కీ కూర్పు క్రొత్త కాదు. అందు మూడు కాండములు, కాండములలో వర్గములు, వర్గములలో శ్లోకములు కలవు. పైథాన్‌లోని పట్టికయు నట్టిదే. శాస్త్రసంప్రదాయము ననుసరించి ముగ్గురు రైతులను కల్పించుకొందము. పేరు, సర్వే నంబరు, ఎకరములు అను క్రమమున వారి వివరము లివి:

యజ్ఞదత్తుడు, 100, 2
దేవదత్తుడు, 9, 3
విష్ణుమిత్రుడు, 25, 2

ఒక్కొక్క రైతు వివరము ఒక చిన్నపట్టిక. మూడును చేరినది పెద్దపట్టిక. దానికి ‘పట్టిక’ యనియే పేరిడుదము. ఈ భాషలో లెక్క ఒకటితో గాక సున్నతో మొదలగును. మొదటినుండి ఎన్నింటిని దాటవలయునో ఆ సంఖ్యయే స్థానసంఖ్య. కావున పట్టిక[1] అనగా దేవదత్తుని వరుస. పట్టిక[1][2] అనగా అతని 3 ఎకరములు. పట్టిక[3] అని యడిగినచో నాలుగవ వరుస లేదు గనుక యంత్రము తప్పు చూపి నిలిచిపోవును.

ఇక వరుసపెట్టుట. ‘సార్ట్’ అనిన ఉన్న పట్టికయే మారును. ‘సార్టెడ్’ అనిన మూలము చెడక క్రొత్త పట్టిక వచ్చును. ఏమియు చెప్పనిచో యంత్రము మొదటి గడి చూచును. అది సమమైనచో రెండవది చూచును. నిఘంటువులో మొదటి యక్షరము పిమ్మట రెండవ యక్షరము చూచినట్లే యిది. అప్పుడు దేవదత్తుడు, యజ్ఞదత్తుడు, విష్ణుమిత్రుడు అని వచ్చును. వేఱొక గడిని బట్టి కావలసినచో ‘కీ’ యను మాటతో ఆ గడిని చూపవలయును. అమరసింహుడు నానార్థవర్గమున పదములను తుది హల్లును బట్టి కూర్చెను గదా! అదియు నొక ‘కీ’యే. ఎకరములను బట్టి కూర్చినచో యజ్ఞదత్తుడు, విష్ణుమిత్రుడు ముందు, దేవదత్తుడు తరువాత వత్తురు. సమానులైన యిద్దఱి పూర్వక్రమము చెడదు. ఇది ఈ భాషలోని సుగుణము.

రెండు ప్రమాదములు కలవు. మొదటిది: సంఖ్యలను అక్షరములుగా వ్రాసినచో 100, 25, 9 అను వింతవరుస వచ్చును, ఏలయన యంత్రము మొదటి యంకెనే మొదట పోల్చును. రెండవది మిక్కిలి హానికరము. పేళ్లు ఒక పట్టికగా, నంబర్లు వేఱొక పట్టికగా, ఎకరములు మఱియొక పట్టికగా నుంచి, పేళ్లను మాత్రమే వరుసపెట్టినచో యజ్ఞదత్తుడు రెండవ స్థానమునకు వచ్చును. 9వ నంబరున నున్న దేవదత్తుని 3 ఎకరములు అతని పేరునకు చేరును! యంత్రము తప్పనదు, చెప్పినట్లే చేసితి ననును. వివరములన్నియు చిన్నపట్టికలో కలిసియున్నచో వరుస యెట్లు మాఱినను రైతును భూమి విడువదు.

కావున అచ్చుపడిన జాబితా మీ చేతికి వచ్చినపుడు మీ పేరుండుట చూచి తృప్తిపడక, పేరు, నంబరు, విస్తీర్ణము మూడును ఒక్క వరుసలో మీవేయగునా యని పాతకాగితముతో సరిచూచుకొనుడని నా మనవి.