ఆంజనేయుడి బొమ్మ ఉన్న 1818 రాగి బిళ్ళ అసలుదా, నకిలీదా?



సంతల్లో, జాతరల్లో, ఒక్కోసారి మన గూడేల్లో కూడా ఒక వింత రాగి బిళ్ళ కనబడుతూ ఉంటుంది. ఒకవైపు సంజీవి కొండ మోస్తున్న ఆంజనేయుడో, సీతారాముల పట్టాభిషేకమో ఉంటుంది. రెండోవైపు ఇంగ్లీషు అక్షరాల్లో "ఈస్ట్ ఇండియా కంపెనీ", "వన్ అణా" లేదా "హాఫ్ అణా", దాంతోపాటు 1818 అనే అంకె ఉంటాయి. "ఇది రెండు వందల ఏళ్ళ నాటిది, బియ్యాన్ని లాక్కుంటుంది, విదేశాల్లో కోట్లు ఇస్తారు" అని నమ్మించి డబ్బు గుంజేవాళ్ళు ఉన్నారు. దీన్ని 'రైస్ పుల్లింగ్' అంటారు. ఇలాంటి ముఠాలను పోలీసులు పట్టుకున్నట్టు పేపర్లలో చాలాసార్లు వచ్చింది. పొలం, పశువులు అమ్మి కట్టిన డబ్బు మళ్ళీ చేతికి రాదు. అందుకే ఆ బిళ్ళ సంగతి మనందరికీ తెలిసి ఉండాలి.

1. లెక్క కుదరదు: 1818లో కోస్తా, రాయలసీమ జిల్లాలు కంపెనీవారి మద్రాసు పాలనలో ఉండేవి. అక్కడి కంపెనీ రాగి నాణేలు 'కాసు' లెక్కలో ఉండేవి. ఉదాహరణకి 1808 నాటి ఇరవై కాసుల నాణెం చూడండి. దానిమీద ఒకవైపు కంపెనీ ముద్ర, రెండోవైపు పారశీ రాత ఉంటాయి. దేవుడి బొమ్మ ఉండదు. దాన్ని ఇంగ్లండులోని సోహో టంకశాలలో ముద్రించి ఓడల్లో మద్రాసుకి పంపేవారు. అలా బయలుదేరిన 'అడ్మిరల్ గార్డనర్' అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దగ్గరే ఇసుక తిన్నెల్లో చిక్కి మునిగిపోయింది. అందులోని కాసులను 1980ల్లో సముద్రంలోంచి పైకి తీశారు. అసలు నాణెం ఎలా ఉంటుందో చెప్పడానికి అవే సాక్ష్యం.

2. అణా బిళ్ళ అప్పటికి లేదు: కంపెనీ రాజ్యమంతటికీ ఒకే రకం నాణేలు 1835 చట్టంతో వచ్చాయి. వాటిలో రాగివాటిలో పెద్దది అర్ధణా. అణా బిళ్ళ చలామణీకి వచ్చింది 1907 ప్రాంతంలో. అదీ రాగి రంగు కాదు. నికెల్ కలిసిన తెల్లటి లోహం, అంచు వంకీలు వంకీలుగా ఉండేది. మరి 1818లో రాగి అణా ఎక్కణ్ణించి వస్తుంది?

3. సంవత్సరం చూసి మోసపోకండి: ఇవే బిళ్ళలు కొన్నిటిమీద 1616, 1717 అని కూడా ఉంటుంది. కంపెనీవాళ్ళు మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టిందే 1611లో. ఐదేళ్ళకే వాళ్ళు అణాలు ముద్రించారంటే నమ్మగలమా? అంకె చెక్కడం ఎవరికైనా చేతనవుతుంది. అది వయసుకి రుజువు కాదు.

4. దేవుడి బొమ్మ ఉంటే నకిలీయేనా? కాదు. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. కంపెనీవాళ్ళే మద్రాసులో విష్ణుమూర్తి బొమ్మతో వరహాలు ముద్రించారు. గుడి గోపురం ఉన్న వెండి పావు వరహా కూడా ఉంది. కాబట్టి ఒక్క గుర్తు చూసి తేల్చకూడదు. లోహం, పేరు, విలువ, సంవత్సరం, ఈ నాలుగూ ఒకదానితో ఒకటి కుదురుతున్నాయా అని చూడాలి. మన బిళ్ళలో అవి కుదరవు.

మరి ఈ బిళ్ళ ఏమిటి? పూజలో పెట్టుకోవడానికి రామటంకాలనే బిళ్ళలు చేసే ఆచారం చాలాకాలంగా ఉంది. అవి డబ్బు కావు. వాటిని చూసి, కంపెనీ పేరు తగిలించి, తర్వాతివాళ్ళు బజారులో అమ్మడానికి చేసినవే ఇవి. పూజలో పెట్టుకుంటే తప్పు లేదు. కోట్లు పలుకుతుందని చెప్పి అమ్మితేనే మోసం.

బియ్యం ఎలా కదులుతుంది? రాగిని అయస్కాంతం లాగదు. రాగి బియ్యాన్ని లాగదు. బియ్యపు గింజలకు ఇనుప రజను పట్టించి, బిళ్ళలోనో బల్ల కిందో అయస్కాంతం దాస్తే గింజలు కదులుతాయి. ఇది మన సైన్సు గదిలో కూడా చేసి చూడవచ్చు. అలా చూపించేవాడితో "మా ఇంటి బియ్యంతో, మా పళ్ళెంలో చేసి చూపించు" అనండి. వాడు ఒప్పుకోడు. "పిడుగు పడి రాగి ఇరిడియం అయింది" అని కూడా చెబుతారు. పిడుగు పడితే లోహం కరగవచ్చు గానీ, రాగి ఇంకో లోహంగా మారదు.

గుర్తుంచుకోవలసినవి:

- "పరీక్ష ఖర్చు", "అడ్వాన్సు" అని ముందుగా డబ్బు అడిగితే అది మోసమే. వెంటనే 100కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యాలి.
- పాత నాణేన్ని చింతపండుతో, బూడిదతో తోమకూడదు. అక్షరాలు అరిగిపోతాయి, విలువ పోతుంది.
- దున్నేటప్పుడు పాత నాణేల కుండ దొరికితే దాచకూడదు. 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించిన నిధి గురించి కలెక్టరుకి తెలపాలి.

సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి అమ్మానాన్నలకీ, తాతా అవ్వలకీ చెప్పండి. మన చదువు వాళ్ళ పొలాన్నీ పశువులనీ కాపాడితే అంతకన్నా ఏం కావాలి!