కీమో ఒక పూట, మిగతా 20 రోజులు ఇంట్లో: ఆంకాలజీ సిస్టర్ చెప్పే మాట ఎందుకు వినాలి?



ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది క్యాన్సర్ గురించి. భయపడి స్క్రోల్ చేసేయకండి, పనికొచ్చే విషయమే చెప్తాను. ఇంట్లో అమ్మకో, నాన్నకో, పెద్దమ్మకో కీమో జరుగుతుంటే హాస్పిటల్‌కి తీసుకెళ్ళేది ఎవరు? రిపోర్టులు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకునేది ఎవరు? ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర లైన్లో నిలబడేది ఎవరు? చాలా ఇళ్ళల్లో మీ వయసు వాళ్ళే. అందుకే ఇది ముందు మీకు తెలియాలి.

ఒక చిన్న లెక్క చూద్దాం. చాలా రకాల కీమోలు 21 రోజులకి ఒకసారి ఇస్తారు. దాన్నే సైకిల్ అంటారు. చాలామంది ఆ 21 రోజుల్లో హాస్పిటల్‌లో ఉండేది ఒక పూట, మహా అయితే ఒక రోజు. మిగతా 20 రోజులూ ఇంట్లోనే. ఇబ్బందులు ఎక్కువగా మొదలయ్యేది కూడా ఆ ఇంట్లో ఉన్న రోజుల్లోనే. మరి ఆ 20 రోజులూ పేషెంట్‌ని కనిపెట్టుకుని ఉండేది ఎవరు? దీనికి జవాబు దొరకాలంటే, క్యాన్సర్ వార్డులో సిస్టర్ ఏం చేస్తారో ముందు చూడాలి.

సెలైన్ ఎక్కించడం ఒక్కటే పనా?

కీమోకి వెళ్ళిన ప్రతిసారీ బరువు చూస్తారు, గమనించారా? "పోయినసారి చూశారు కదా, మళ్ళీ ఎందుకు" అని మనం విసుక్కుంటాం. కీమో డోసు చాలా మందులకి ఎత్తు, బరువు కలిపి లెక్కేస్తారు. బరువు బాగా తగ్గితే డోసు కూడా మారాలి. అందుకే ఆ చెకింగ్.

తర్వాత రక్త పరీక్ష చూస్తారు. తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు సరిపడా ఉన్నాయా లేదా అని. లేకపోతే కీమో వాయిదా. మందు ఎక్కించే ముందు ఇద్దరు కలిసి పేరు, మందు, డోసు, ఏ దారిలో ఇవ్వాలి అన్నీ సరిచూడాలి.

"ఏ దారిలో" అనేది ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణ చెప్తా. విన్‌క్రిస్టీన్ అని ఒక మందు ఉంది. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌కి ఎప్పటినుంచో వాడుతున్నారు. నరంలోకి ఇస్తే ప్రాణం నిలబెట్టే మందు. అదే మందు పొరపాటున వెన్నులోకి ఇస్తే దాదాపుగా ప్రాణం పోయినట్టే. అందుకే దాన్ని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ బ్యాగ్‌లో కలిపి ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. బ్యాగ్‌ని ఎవరూ వెన్ను సూదికి తగిలించరు కదా. ఇంత చిన్న మార్పు, అంత పెద్ద ప్రమాదాన్ని ఆపుతుంది.

ఇంకోటి. డాక్సోరూబిసిన్ అని ఎర్రగా ఉండే మందు ఉంటుంది. అది నరం దాటి బయటికి కారితే చుట్టూ ఉన్న కండ దెబ్బతింటుంది. అందుకే మందు ఎక్కుతున్నప్పుడు చెయ్యి మండినా, వాచినా వెంటనే "సిస్టర్" అని పిలవాలి. "అయిపోవచ్చిందిలే" అని ఓర్చుకోకూడదు. ఛాతీ దగ్గర చర్మం కింద పోర్టు, చేతి నుంచి వెళ్ళే పిక్ లైన్ లాంటివి పెట్టేది కూడా ఇలాంటి మందులు సురక్షితంగా లోపలికి వెళ్ళడానికే.

మన భీమవరం నుంచి మొదలైన కథ

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు స్కూల్లో విని ఉంటారు. 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన పరిశోధన నుంచి అమినాప్టెరిన్ అనే మందు వచ్చింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చి చూశారు. కొంతమందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అదే ఏడాది సుబ్బారావు గారు చనిపోయారు. ఆ మందుకి దగ్గరి చుట్టం లాంటి మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ వాడుతున్నారు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మెథోట్రెక్సేట్ పెద్ద డోసులో ఇచ్చినప్పుడు, సుమారు ఒక రోజు తర్వాత ల్యూకోవోరిన్ అనే విరుగుడు మందు మొదలుపెట్టాలి. అది టైమ్ ప్రకారం పడాలి. సెలైన్ బాగా ఎక్కాలి, మూత్రం ఎంత వస్తోంది, దానిలో ఆమ్లం ఎంత ఉంది అని పదే పదే చూడాలి. లేకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి. అంటే మందు కనిపెట్టినవాళ్ళు సగం పని చేశారు. రాత్రి 3 గంటలకి లేచి మూత్రం కొలిచే సిస్టర్ మిగతా సగం చేస్తారు.

100.4 అనే నంబర్ గుర్తుపెట్టుకోండి

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుంటుంది అనుకుంటే, ఇది గుర్తుపెట్టుకోండి.

కీమో క్యాన్సర్ కణాలతో పాటు మన తెల్ల రక్తకణాల్ని కూడా తగ్గిస్తుంది. వాటిలో న్యూట్రోఫిల్స్ అనేవి బ్యాక్టీరియాతో పోరాడే సైన్యం. చాలా కీమోల్లో 7 నుంచి 14 రోజుల మధ్య ఇవి బాగా పడిపోతాయి. మైక్రోలీటర్ రక్తంలో 500 కంటే తగ్గితే చాలా ప్రమాదం. సైన్యం లేనప్పుడు ఇన్‌ఫెక్షన్ వస్తే చీము పట్టడం, ఎర్రగా వాయడం లాంటివి కూడా సరిగ్గా కనపడవు. చాలాసార్లు కనపడేది జ్వరం ఒక్కటే.

కాబట్టి కీమోలో ఉన్నవాళ్ళకి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే అది ఎమర్జెన్సీ. మీ హాస్పిటల్ వాళ్ళు ఇంకా తక్కువ నంబర్ చెప్పి ఉంటే దాన్నే పాటించండి. "డోలో వేసి పడుకోబెడదాం, పొద్దున్నే చూద్దాం" అనే మాట వద్దు. ఆ మాత్ర జ్వరాన్ని దాచేస్తుంది, ఇన్‌ఫెక్షన్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. హాస్పిటల్‌కి చేరిన గంటలోపు యాంటీబయోటిక్ పడాలి అనేది డాక్టర్లు పెట్టుకున్న లక్ష్యం. మనం ఇంట్లో పోగొట్టే గంటలు ఆ లెక్కలో ఉండవు.

క్యాజువాలిటీలో అడుగు పెట్టగానే చెప్పాల్సిన మొదటి మాట: "కీమో నడుస్తోంది, ఫలానా తేదీన ఇచ్చారు, ఇప్పుడు జ్వరం ఇంత ఉంది." ఊరికే జ్వరం అని చెప్తే లైన్లో కూర్చోబెట్టొచ్చు. ఒక్కోసారి జ్వరం లేకుండానే వణుకు, మగత, ఆయాసం వస్తాయి. అప్పుడు కూడా ఆగకూడదు.

కొత్త మందులు వచ్చాయి, గమనించాల్సినవీ మారాయి

ఇమ్యునోథెరపీ పేరు ఈ మధ్య బాగా వింటున్నాం. దాని వెనక ఉన్న పరిశోధనకి 2018లో జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకి నోబెల్ వచ్చింది. ఇది మన రోగనిరోధక వ్యవస్థకి ఉన్న బ్రేకులు తీసేస్తుంది. బ్రేకులు తీసేసిన బండి ఒక్కోసారి మన సొంత పేగుల మీదికో, ఊపిరితిత్తుల మీదికో, థైరాయిడ్ మీదికో వెళ్తుంది. అందుకే ఈ మందు తీసుకునేవాళ్ళకి విరేచనాలు పట్టుకుంటే "బయటి తిండి పడలేదు" అని మెడికల్ షాపులో మాత్ర కొనేయకూడదు. మందు ఆపిన కొన్ని నెలల తర్వాత కూడా ఇలా రావచ్చు. దానికి వైద్యం వేరు, చాలాసార్లు స్టెరాయిడ్స్ అవసరమవుతాయి.

ఇంకా కొత్తది కార్-టీ సెల్ థెరపీ. పేషెంట్ రక్తంలోని టీ కణాల్ని తీసి, ల్యాబ్‌లో మార్చి, మళ్ళీ ఎక్కిస్తారు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి పని చేసిన నెక్స్‌కార్19కి 2023లో మన దేశంలో అనుమతి వచ్చింది. ఇంత హైటెక్ వైద్యంలో మెదడు మీద ప్రభావం పడుతోందా అని ఎలా పసిగడతారో తెలుసా? పేషెంట్ చేత ఒక వాక్యం రాయిస్తారు. ఇది ఏ సంవత్సరం, ఏ ఊరు అని అడుగుతారు. 100 నుంచి పది పది తగ్గిస్తూ లెక్కపెట్టమంటారు. నిన్న గుండ్రంగా ఉన్న అక్షరాలు ఈ రోజు వంకర తిరిగితే సిస్టర్ వెంటనే డాక్టర్‌ని పిలుస్తారు. పెన్ను, కాగితం, చూసే కన్ను. అంతే.

చెప్పుకోవడం కూడా వైద్యమే

అమెరికాలో ఈథన్ బాష్ అనే డాక్టర్, ఆయన టీమ్ ఒక స్టడీ చేశారు. క్యాన్సర్ వేరే భాగాలకి పాకి, కీమో తీసుకుంటున్న 766 మంది అందులో ఉన్నారు. కొందరికి మామూలు వైద్యం. మిగతావాళ్ళు దాంతో పాటు నొప్పి, వాంతులు, ఆయాసం లాంటివి ఎలా ఉన్నాయో ఇంటర్నెట్‌లో క్రమం తప్పకుండా నింపేవారు. ఏదైనా ముదిరితే నర్సుకి మెసేజ్ వెళ్ళేది, నర్సు స్పందించేవారు. 2017లో వచ్చిన ఫలితం ఇది: మామూలు వైద్యం వాళ్ళు మధ్యస్థంగా 26 నెలలు బతికితే, ఇలా చెప్పుకున్నవాళ్ళు 31.2 నెలలు బతికారు. అయిదు నెలలు ఎక్కువ. కొత్త మందు ఏమీ కలపలేదు.

మన ఇళ్ళల్లో ఏం జరుగుతుంది? "కీమో అన్నాక ఆ మాత్రం ఉంటుందిలే", "డాక్టర్ గారిని విసిగించడం ఎందుకు", "పిల్లలు కంగారు పడతారు" అని అమ్మానాన్నలు దాచేస్తారు. వాళ్ళు దాచినది బయటికి తీసే పని మీదే. ఇలా చేయండి:

1. ఒక డిజిటల్ థర్మామీటర్ కొనండి. చెయ్యి పెట్టి చూస్తే లెక్కలోకి రాదు.

2. ఫోన్‌లో ఒక నోట్ తెరవండి. రోజూ తేదీ వేసి జ్వరం, తిండి, వాంతులు, విరేచనాలు, నోటి పుండ్లు, నొప్పి పదికి ఎంత, ఇవి రాయండి. రెండు నిమిషాల పని.

3. "బాగున్నావా?" అని అడిగితే "బాగున్నా" అనే వస్తుంది. "ఈ రోజు ఎన్నిసార్లు వాంతయింది? రాత్రి ఎన్ని గంటలు నిద్రపట్టింది?" అని అడగండి.

4. డిశ్చార్జి అయ్యేటప్పుడు సిస్టర్‌ని మూడు అడగండి: ఏం కనపడితే ఫోన్ చేయాలి, ఏం కనపడితే నేరుగా వచ్చేయాలి, రాత్రిపూట ఏ నంబర్‌కి చేయాలి. ఆ నంబర్ ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేయండి.

5. ఆకు పసరు, పౌడర్, ఇంకే మందైనా ఇస్తుంటే దాచకుండా చెప్పండి. కొన్ని కీమోతో కలిస్తే లివర్‌కి ప్రమాదం.

మొదట అడిగిన ప్రశ్నకి జవాబు ఇప్పటికే మీకు దొరికి ఉంటుంది. హాస్పిటల్‌లో సిస్టర్ కన్ను ఉంటుంది. ఇంట్లో మీ కన్ను ఉండాలి. ఆ రెండింటి మధ్య ఒక ఫోన్ కాల్, అంతే దూరం.

మీకు తెలిసినవాళ్ళ ఇంట్లో ఎవరికైనా కీమో నడుస్తుంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపించండి. అంతా చదివే ఓపిక లేకపోతే 100.4 అనే నంబర్ ఒక్కటైనా చెప్పండి. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.