క్రొత్త రేడియేటరు - పాత కారు

మోటారుకారు సంగతి పురుషులదని మనలో ననేకులు తలంతురు. కాని మండుటెండలో, పిల్లలను వెంటబెట్టుకొని, ఆగిన బండి ప్రక్క నిలువబడు కష్టము మనకును గలదు గదా! అందుచే మా యింటి యనుభవము నొకదానిని విన్నవించుచున్నాను.

మా మామగారు కొన్న అంబాసిడరు కారు మా యింట నింకను గలదు. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు బండిని మాదిరిగా గొని, కోల్‌కతా చెంతనున్న ఉత్తరపారాలో ఈ కార్లను చేసెడివారు. 2014లో ఆ పని నిలిచిపోయెను. కావున ఉన్నవానిని కాపాడుకొనుటయే మన చేతిలోనిది.

గత వేసవిలో ఆ కారు మాటిమాటికి వేడెక్కుచుండగా పాత రేడియేటరును తీసివేసి, అంతకంటె పెద్దదగు అల్యూమినియపు రేడియేటరును పెట్టించితిమి. ఇక చింత లేదనుకొంటిమి. విజయవాడనుండి గుంటూరునకు బోవునపుడు దారిపొడవున బండి చల్లగనే యుండెను. ఊరు జొచ్చి బండ్ల నడుమ నిలిచినంతనే వేడిని చూపు ముల్లు పైకెగసెను. ముందు నుండి యావిరి గ్రమ్మెను. మావారు వెంటనే రేడియేటరు మూత దీయబోగా నేను చేయి పట్టుకొని యాపితిని.

ఈ యొక్క సంగతి నెవ్వరును మఱువరాదు. మూత 7 పౌనుల యొత్తిడిని పట్టియుంచినచో లోని నీరు 100 డిగ్రీలకడ గాక, ఇంచుమించు 111 డిగ్రీలకడ మరుగును. మూత దీసినంతనే యొత్తిడి పోయి, ఆ నీరంతయు నొక్కసారిగా మరిగి ముఖముపైకి జిమ్మును. ఇంజను నాపి, రేడియేటరు చేతికి చల్లగా దగులువఱకు వేచియుండవలయును. పిమ్మట మందపు గుడ్డ కప్పి మెల్లగా త్రిప్పవలయును.

క్రొత్త రేడియేటరు పెట్టినను వేడి యేల తగ్గలేదు? కాగిన పాలను వెడల్పు పళ్లెములో బోసినను, గాలి తగులనిచో త్వరగా చల్లారవు. రేడియేటరును అట్టిదే. బండి పరుగెత్తునపుడు ఎదురుగాలి దానిని చల్లార్చును. నిలిచినపుడు ఫాను ఒక్కటియే దిక్కు. మా క్రొత్త రేడియేటరు వెడల్పైనది; ఫాను దాని నడిమి భాగమునుండి మాత్రమే గాలిని లాగుచుండెను. తక్కిన గాలి ప్రక్క సందులనుండి వచ్చుచుండెను. రేడియేటరు వెనుక, ఫాను చుట్టును రేకు తొడుగు చేయించి, అంచుల సందులను రబ్బరుతో మూయించితిమి. అటుపిమ్మట ఎంతసేపు నిలిచినను ముల్లు కదలలేదు.

కావున బండి యెప్పుడు వేడెక్కుచున్నదో మొదట గమనింపుడు. నిలిచినపుడు మాత్రమే వేడెక్కినచో తప్పు సాధారణముగా గాలిది. ఫానును, తొడుగును చూపింపుడు. వేగముగా బోవునపుడు వేడెక్కినచో తప్పు తఱచుగా నీటిది: ఇంజనులో మడ్డి పేరుకొనియుండవచ్చును, థర్మోస్టాటు తెఱచుకొనకపోవచ్చును, క్రింది రబ్బరు గొట్టము లోనికి నొక్కుకొనిపోవచ్చును. ఈ మాట ముందుగా చెప్పగల్గినచో మెకానిక్కునకు శ్రమయు, మనకు డబ్బును మిగులును. కొందఱు థర్మోస్టాటును పూర్తిగా తీసివేయుదురు. అది మంచిది కాదు. ఇంజను తగిన వేడి నందక పెట్రోలు నెక్కువ త్రాగును, త్వరగా అరుగును.

బోరునీరు కాచిన గిన్నెల యడుగున తెల్లని పొర గట్టుట మనము నిత్యము చూచునదే. ఆ నీరు పోసినచో ఇంజనులోను అట్లే యగును. అల్యూమినియము వట్టి నీటిలో తినివేయబడును గూడ. కావున లవణములు లేని శుద్ధజలమును, తుప్పును నిరోధించు కూలెంటును కలిపి పోయవలయును.

అయితే తల్లులకు ముఖ్యముగా నొక హెచ్చరిక. అనేక కూలెంట్లలో నుండు ఇథిలీను గ్లైకాలు తియ్యని విషము. రంగును, తీపిని జూచి పిల్లలు గాని, కుక్కలు పిల్లులు గాని త్రాగినచో ప్రాణాపాయము కలుగును. డబ్బాను తాళము వేసి యుంచుడు. నీళ్లసీసాలలో నెన్నడును పోయకుడు. నేలపై నొలికినదానిని వెంటనే తుడిచి కడుగుడు.

ఈ సంక్రాంతికి మరల గుంటూరు పోయి వచ్చితిమి. పిల్లలు వెనుక నిద్రించుచుండగా, నేను ముల్లును చూచుచు ముందు కూర్చుంటిని. అది దాని చోటనే యుండెను.