నేల ఉసిరితో హెపటైటిస్-బి నయమగునా?

కామెర్లు అనగానే మన ఇళ్లలో మొదట గుర్తుకు వచ్చేది నేల ఉసిరి. ఆకుల క్రింద వరుసగా సన్నని కాయలు కాసే ఈ చిన్న మొక్కను సంస్కృతంలో భూమ్యామలకి అంటారు. సమూలంగా నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున ఇవ్వడం పెద్దల అలవాటు. దీనితో హెపటైటిస్-బి కూడా పోతుందా అని నన్ను తరచుగా అడుగుతుంటారు.

ఈ ఆశకు ఆధారం లేకపోలేదు. హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ బహుమతి పొందిన బ్లూంబర్గ్, ఆయన సహచరులు ఈ జాతి మొక్క సారాన్ని పరీక్షించారు. వైరస్ వృద్ధికి అవసరమైన డి.ఎన్.ఎ. పాలిమరేజ్ అనే ఎంజైమును అది పరీక్షనాళికలో అణచివేస్తున్నదని 1987లో వెల్లడించారు. మద్రాసులో వైరస్ వాహకులకు ఈ చూర్ణాన్ని 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 30 రోజులు ఇచ్చిన ప్రయోగ ఫలితాలు 1988లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. చూర్ణం తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనిపించలేదు. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది.

ఆయుర్వేదాభిమానులకు ఇంతకన్న శుభవార్త ఏముంటుంది? అయితే థాయిలాండ్ మొదలైన చోట్ల జరిపిన ప్రయోగాలలో ఆ ఫలితం రాలేదు. అనేక ప్రయోగాలను కలిపి పరిశీలించిన కాక్రేన్ సమీక్ష సైతం 2011లో నమ్మదగిన సాక్ష్యం లేదనే తేల్చింది. పరీక్షనాళిక వేరు, కాలేయం వేరు. ఈ వైరస్ తన జన్యుపదార్థాన్ని కాలేయ కణాల కేంద్రకంలో దాచుకుంటుంది. ఎంజైమును ఆపినంత మాత్రాన అది బయటకు పోదు. పైగా నేల ఉసిరిని పోలిన మొక్కలు పలు రకాలు. అన్నింటి గుణాలూ ఒకటి కావు.

మరి పసరుతో తగ్గిన కామెర్ల మాటేమిటి? మన ప్రాంతంలో కలుషిత నీటివల్ల వచ్చే హెపటైటిస్-ఎ, ఇ చాలామందిలో విశ్రాంతితో కొన్ని వారాలలో వాటంతటవే తగ్గుతాయి. కీర్తి పసరుకు దక్కుతుంది! గర్భిణులలో మాత్రం హెపటైటిస్-ఇ ప్రాణాపాయం కలిగించవచ్చు. వారికి కామెర్లు వస్తే పసరుతో కాలయాపన చేయరాదు.

హెపటైటిస్-బి తీరు వేరు. కళ్లు పచ్చబడకుండానే ఏళ్ల తరబడి లోపల ఉండి, కొందరిలో కాలేయం గట్టిపడటానికి, క్యాన్సరుకు దారితీస్తుంది. కనుక కళ్ల పసుపు విరిగినదని ఊరుకోక, హెచ్.బి.ఎస్.ఎ.జి. రక్తపరీక్ష చేయించుకోవాలి. వైద్యులు టెనోఫోవిర్ వంటి మందు వ్రాసి ఉంటే, పసరు కోసం దానిని మానరాదు. హఠాత్తుగా మానితే వ్యాధి తిరగబెట్టవచ్చు. గర్భిణులకు ఈ పరీక్ష తప్పనిసరి. బిడ్డ పుట్టిన 24 గంటలలోపు మొదటి టీకా వేయించాలి. భారతదేశంలో జన్యుసాంకేతిక పద్ధతిలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా 1997లో మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ నుంచే వచ్చింది.