ఏడు హాలీలకు ఆరు కల్దార్లు
నైజాం రూపాయి మారకం కథ

హైదరాబాదు పాతబస్తీ: తెలంగాణ పల్లెల్లో తాతల నాటి పెట్టె తెరిస్తే అడుగున ఏదో ఒక క్రయపత్రం దొరుకుతుంది. అందులో 'రూ. 700 హాలీ' అనో, 'ఓ.ఎస్.' అనో రాసి ఉంటుంది. ఆ 700 భారత ప్రభుత్వ రూపాయల్లో 700 కాదు, 600 మాత్రమే. ఈ తేడా తెలియక మోసపోయిన వాడు నష్టపోయేది రూపాయికి రెండణాల పైమాటే.

నైజాం రాజ్యంలో సొంత నాణెం ఉండేది. దాని పేరు హాలీ సిక్కా, అంటే చెల్లుబడిలో ఉన్న నాణెం అని అర్థం. సరిహద్దు దాటితే బ్రిటీషు రూపాయి. యంత్రంపై అచ్చయ్యేది గనుక జనం దాన్ని 'కల్దార్' అన్నారు. బెజవాడకు, షోలాపూరుకు బేరానికి పోయినవాడు హాలీ ఇచ్చి కల్దార్ తీసుకోక తప్పేది కాదు. ఈ మారకంలో కోసుకునే తరుగునే వట్టం అనేవారు.

సుల్తాన్‌షాహి టంకసాల

పాతబస్తీలో మొగల్‌పురా చెంత సుల్తాన్‌షాహి పేట ఉంది. 1803లో సికిందర్ జా హయాంలో టంకసాల నెలకొన్నది ఇక్కడే. అయితే ఆ రోజుల్లో నాణేలు కొట్టేది ఇదొక్కటే కాదు. నారాయణపేట, గద్వాల వంటి చోట్ల కూడా అచ్చయ్యేవి. ఒకదాని తూకం ఒకదానికి సరిపోయేది కాదు. తూచి, గీటుపెట్టి చూసే సరాఫుల మాటే వేదం. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ ఈ గందరగోళాన్ని అణచి, నాణెం పనిని రాజధానికి చేర్చాడు. 1903లో టంకసాల సైఫాబాదుకు తరలిపోయింది. చార్మినార్ బొమ్మతో అచ్చయిన రూపాయిలు అప్పటి నుంచే ఊళ్ళకు వచ్చాయి.

తేడా ఎందుకు?

దీనికి కారణం వెండి. కల్దార్ తూకం సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. నూటికి సుమారు 92 వంతులు వెండి. హాలీ రూపాయి తూకం 11.18 గ్రాములు. వెండి నూటికి 82 వంతుల లోపే. అంటే కల్దార్‌లో సుమారు 10.7 గ్రాముల వెండి ఉంటే హాలీలో 9.1 గ్రాములు. లెక్క కడితే ఏడు హాలీల వెండి ఆరు కల్దార్ల వెండికి ఇంచుమించు సరిపోతుంది.

మొదట్లో ధర నిలకడగా ఉండేది కాదు. పంట చేతికొచ్చి, పత్తికీ నూనెగింజలకూ బయటి వర్తకులు దిగితే హాలీకి గిరాకీ. బేరాలు సద్దుమణిగితే వట్టం పెరిగేది. 1893లో బ్రిటీషు వారు ప్రజలు తెచ్చిన వెండిని రూపాయిలుగా కొట్టివ్వడం మానేశారు. దాంతో కల్దార్ విలువ వెండి ధరతో తెగదెంపులు చేసుకుంది. వెండినే నమ్ముకున్న హాలీ చౌకబడింది. తర్వాత ప్రభుత్వమే నాణేల సంఖ్యను అదుపులో పెట్టి ధరను నిలబెట్టింది. అలా స్థిరపడిన లెక్క: 100 కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ.

వెండి కొరత వల్ల 1918లో 10, 100 రూపాయల నోట్లు వచ్చాయి. ఉస్మానియా సిక్కా అన్న పేరు నుంచే 'ఓ.ఎస్.' పుట్టింది. 1942లో ఈ కరెన్సీ నిర్వహణ కొత్తగా పెట్టిన హైదరాబాదు స్టేట్ బ్యాంకుకు దక్కింది.

రూపాయి మీద రాజకీయం

1947 నవంబరు 29న నైజాం భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక చేసుకున్నాడు. ఆ వెంటనే లాయక్ అలీ ప్రభుత్వం, రాజ్యంలో భారత రూపాయి చెల్లదని ఆర్డినెన్సు తెచ్చింది. ఢిల్లీకి ఆగ్రహం తెప్పించిన చర్యల్లో ఇదొకటి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1950లో భారత రూపాయి వచ్చి హాలీ పక్కన నిలిచింది. మారకం అదే: ఏడుకు ఆరు. 1951లో హాలీ జారీ ఆగింది. పూర్తిగా రద్దయింది 1959లో. ఈలోగా 1957లో నయాపైసలు దిగాయి. పదేళ్ళ లోపు పల్లె మనిషి లెక్క రెండుసార్లు మార్చుకోవలసి వచ్చింది.

లెక్క తెలిసినవాడికి దీనివల్ల నష్టం లేదు. తెలియనివాడి సంగతి వేరు. 700 హాలీ అప్పు 600 భారత రూపాయలతో తీరిపోవాలి. షావుకారు పుస్తకంలో అంకె మార్చకుండా 700 అనే ఉంచితే 100 రూపాయలు ఉత్త పుణ్యానికి పోయినట్టే. ఏడణాల సరుకును ఏడు కొత్త అణాలకే అమ్మినా కొన్నవాడికి అదే దెబ్బ.

ఇప్పటికీ పనికొచ్చే లెక్క

పాత పత్రం చదివేటప్పుడు ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంచుమించుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. హాలీ మొత్తాన్ని ఆరుతో హెచ్చించి ఏడుతో భాగిస్తే భారత రూపాయలు తేలుతాయి. ఇంట్లో చార్మినార్ రూపాయి ఉంటే కమాను మధ్య అక్షరం చూడాలి. 'మీమ్' ఉంటే అది మహబూబ్ అలీ ఖాన్ నాటిది, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ నాటిది. అమ్మదలచినవారు ఒక్కటి మరువరాదు. హాలీ నిండు తులం కాదు, మేలిమి వెండీ కాదు. అలాగని ఉత్త వెండి ధరకే వదులుకోనక్కరలేదు. పాత నాణేలు సేకరించేవారిని కూడా అడిగి చూడడం మంచిది.

హాలీ పోయినా దాని అణాలు మాత్రం జనం నోట నిలిచాయి. 'చారాణా కోడికి బారాణా మసాలా' అనని ఊరు తెలంగాణలో లేదు.