ధమనిలో బూజు... మెదడుకు ముప్పు!

2021 వేసవి గుర్తుందా? కొవిడ్ రెండో వేవ్‌తోపాటే బ్లాక్ ఫంగస్ వచ్చిపడింది. హైదరాబాద్‌లోని కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి రోగులతో నిండిపోయింది. యాంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్ల కోసం మందుల షాపులన్నీ గాలించాల్సి వచ్చింది. కన్ను పోగొట్టుకున్నవారి గురించి చాలానే విన్నాం. అంతగా వినని ప్రమాదం మరొకటుంది.

ఈ ఫంగస్‌కి రక్తనాళాలంటే మహా ఇష్టం. షుగర్ అదుపులో లేనివారిలో, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవారిలో ముక్కు నుంచి సైనస్‌లకీ, అక్కణ్నుంచి కంటి వెనక్కీ పాకుతుంది. మెదడుకు రక్తాన్ని మోసుకెళ్లే కెరోటిడ్ ధమని గోడలోకీ దిగొచ్చు. ఎక్కువగా నాళం పూడుకుపోయి పక్షవాతం వస్తుంది. కొద్దిమందిలో మాత్రం గోడ పలచబడి, పాత సైకిలు ట్యూబులా ఒకచోట ఉబ్బుతుంది. అదే ఎన్యురిజమ్. పగిలిందా... గంటల్లోనే ప్రాణం పోవచ్చు.

ఇన్‌ఫెక్షన్‌తో వచ్చే ఇలాంటి ఉబ్బుకి 1885లో విలియం ఆస్లర్ అనే వైద్యుడు 'మైకాటిక్' అని పేరుపెట్టారు. ఫంగస్‌కి సంబంధించినదని ఆ మాటకు అర్థం. తమాషా ఏమిటంటే, ఆయన వర్ణించినవి బ్యాక్టీరియా వల్ల వచ్చినవి! నిజంగా ఫంగస్‌తో వచ్చేవి అరుదు. కానీ మహా మొండివి.

మామూలు ఎన్యురిజమ్‌ని క్లిప్పుతో మూసేస్తారు. ఇక్కడ గోడే కుళ్లిపోయి ఉంటుంది కాబట్టి క్లిప్పు నిలవడం కష్టం. గజ్జ దగ్గరి నాళంలోంచి సన్నటి గొట్టాన్ని పంపి, ప్లాటినం తీగచుట్టలతో ఉబ్బుని నింపుతారు. లేదా ఆ ధమనినే మూసేస్తారు. మరి అటువైపు మెదడుకి రక్తం ఎలా? అందుకే ముందుగా చిన్న బెలూన్‌తో ధమనిని కాసేపు ఆపి, మెలకువగా ఉన్న రోగిని మాట్లాడిస్తారు, చేతులు కదపమంటారు. రెండోవైపు నుంచి రక్తం సరిపోతోందంటే శాశ్వతంగా మూస్తారు. లేదంటే బైపాసో, స్టెంటో ఆలోచించాలి. స్టెంట్‌తో ఇంకో చిక్కు. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడాలి, మరోపక్క ఫంగస్ పట్టిన భాగాన్ని కోసి తీయాలి. రెండూ ఒకచోట పొసగవు!

ధమనిని బాగుచేసినా ఫంగస్ మిగిలితే పక్కనే మరో ఉబ్బు రావచ్చు. అందుకే వారాల తరబడి యాంఫోటెరిసిన్, ఆపైన నెలల తరబడి పొసకొనజోల్ లాంటి మాత్రలు. యాంఫోటెరిసిన్ కిడ్నీలని దెబ్బతీస్తుంది, పొటాషియం తగ్గిస్తుంది. కాబట్టి తరచూ రక్తపరీక్షలు తప్పవు.

మొదటి స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా, కొన్ని వారాలకు ఉబ్బు బయటపడొచ్చు. యాంజియోగ్రామ్ మళ్లీ చేయించమంటే వాయిదా వేయొద్దు. ఇంటికొచ్చాక ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వచ్చినా, కనురెప్ప వాలిపోయినా, ముక్కులోంచి ధారగా రక్తం కారినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.