మెరక తోలించి ప్రహరీకే ఆనిస్తున్నారా? ఆ గోడకు ఇంజినీర్ ఎప్పుడు కావాలంటే..

నరసరావుపేట: రోడ్డు ఎత్తు పెరిగింది. వానొస్తే నీళ్లన్నీ మన వాకిట్లోకే. దాంతో స్థలాన్ని నాలుగైదు అడుగులు మెరక చేద్దామని ట్రాక్టర్లతో గ్రావెల్ తోలిస్తాం. ఆ మట్టి పక్క స్థలంలోకి జారకుండా ఉన్న ప్రహరీనే ఇంకో నాలుగు వరసలు లేపేస్తాం. ఇల్లు కట్టుకునే చాలామంది చేసే పని ఇదే. కానీ మట్టి ఆనించిన రోజు నుంచి అది ప్రహరీ కాదు, మట్టిని ఆపే రిటైనింగ్ వాల్. ప్రహరీ తన బరువు తాను మోస్తే చాలు. రిటైనింగ్ వాల్‌ను మాత్రం వెనకున్న మట్టి రాత్రీపగలూ నెడుతూనే ఉంటుంది.

వాన పడింది.. గోడ కూలింది

2024 మే 7న హైదరాబాద్ బాచుపల్లిలో భారీ వర్షానికి, నిర్మాణంలో ఉన్న అపార్ట్‌మెంట్ రిటైనింగ్ వాల్ కూలింది. పక్కనే షెడ్లలో ఉంటున్న ఏడుగురు చనిపోయారు. వారిలో నాలుగేళ్ల చిన్నారి కూడా ఉంది. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున సింహాచలంలో చందనోత్సవానికి వచ్చి క్యూలైన్‌లో నిల్చున్న భక్తులపై గోడ కూలి మరో ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. రెండూ పాత గోడలు కావు. రెండుచోట్లా గోడ పడింది వానలోనే. మన ఇంటి గోడ అంత పెద్దది కాకపోవచ్చు. కానీ దాని కింద ఆడుకునేది పక్కింటి పిల్లలే.

ఎత్తు రెట్టింపైతే నెట్టుడు నాలుగింతలు

నీరు నిలవని మామూలు గ్రావెల్ ఒక మీటరు ఎత్తుంటే, గోడ ప్రతి మీటరు పొడవు మీద సుమారు 300 కిలోల నెట్టుడు ఉంటుంది. అదే రెండు మీటర్లైతే 600 కాదు, దాదాపు 1,200 కిలోలు. గోడను పడదోసే శక్తి అయితే ఏకంగా ఎనిమిది రెట్లు. ఇక వాన నీరు బయటికి పోయే దారి లేక మట్టిలోనే నిలిచిపోతే, ఆ 1,200 కిలోలు కాస్తా రెట్టింపు దాటిపోతుంది. ఎండాకాలమంతా నిలబడ్డ గోడ తొలి పెద్ద వానకే ఒరగడానికి కారణం ఇదే.

నల్లరేగడితో జాగ్రత్త

పల్నాడులో ఎక్కువగా ఉండే నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. పునాది తవ్వినప్పుడు వచ్చిన ఆ మట్టినే గోడ వెనక పోసేస్తే ఖర్చు కలిసొస్తుందనుకుంటారు. కానీ అది ఉబ్బినప్పుడల్లా గోడను ముందుకు తోస్తుంది, నీటినీ త్వరగా వదలదు. గోడ వెనక గ్రావెల్, గోడకు ఆనుకుని కంకర వేయడమే మేలు.

స్ట్రక్చరల్ ఇంజినీర్ ఎప్పుడు తప్పనిసరి?

మూడు అడుగుల లోపు మెరక, పైన బరువేమీ లేదు, నేల గట్టిది అంటే అనుభవమున్న మేస్త్రీ కట్టే రాతి గోడ సరిపోతుంది. అమెరికాలో చాలాచోట్ల పునాది అడుగు నుంచి నాలుగు అడుగులు దాటిన గోడకు అనుమతి తీసుకోవాల్సిందే. మన దగ్గర కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంజినీర్‌ను పిలవండి.

* మట్టి ఎత్తు నాలుగు అడుగులకు దగ్గరగా ఉన్నా, దాటినా
* గోడకు దగ్గర్లో ఇల్లు, కారు పార్కింగ్, నీళ్ల ట్యాంకు ఉన్నా
* కింద నల్లరేగడి లేదా కొత్తగా పోసిన మట్టి ఉన్నా
* పక్కనే కాలువ, చెరువు, డ్రెయిన్ ఉన్నా
* గోడ కింది వైపు దారి, ఇల్లు, బడి ఉన్నా
* పాత ప్రహరీనే ఎత్తు పెంచాలనుకున్నా
* పక్కవాళ్లు గోడ పునాదికి ఆనుకుని సెల్లార్ తవ్వుతున్నా

డ్రాయింగ్‌లో ఏం చూడాలి?

ముందు మట్టి పరీక్ష చేయించాలి. ఆ తర్వాతే డిజైన్. ఆర్‌సీసీ గోడకు పునాది వెడల్పు సాధారణంగా ఎత్తులో సగం నుంచి మూడింట రెండొంతుల దాకా ఉంటుంది. అంటే ఆరడుగుల గోడకు మూడు, నాలుగు అడుగుల పునాది. అది ఎక్కువగా మన స్థలంలోకే వస్తుంది కాబట్టి ఇంటి ప్లాన్‌లోనే చోటు వదులుకోవాలి. మెయిన్ రాడ్లు మట్టి వైపు ముఖానికి దగ్గరగా ఉండాలి. గోడ మధ్యలోనో, బయటి వైపో కడితే ఆ ఇనుము చాలావరకు వృథా. నీళ్లు పోవడానికి మీటరు, మీటరున్నరకో పైపు పెట్టాలి. లోపలి వైపు కంకర లేకపోతే ఆ పైపు మట్టితో పూడిపోతుంది. కాంక్రీట్ పోసే ముందు ఇంజినీర్ స్వయంగా వచ్చి రాడ్లు చూడాలని ముందే మాట్లాడుకోండి.

ఇప్పటికే గోడ ఒరిగిందా?

గోడ మధ్యలో ఉబ్బినా, అడ్డంగా పగుళ్లు వచ్చినా, వెనక నేల గోడ పొడవునా బీటలిచ్చినా ప్లాస్టరింగ్‌తో కప్పేయొద్దు. పగులు కొన చోట పెన్సిల్‌తో గీత, తేదీ రాసి పెట్టండి. గీత దాటితే గోడ కదులుతున్నట్టే. గోడ పక్కన వాహనాలు, ఇసుక కుప్పలు తీసేయండి. అటు నీళ్లు పోకుండా చూడండి. కింది వైపు ఉన్నవాళ్లకు వెంటనే చెప్పండి. ఇంజినీర్ వచ్చి చూసేదాకా అటు వైపు పిల్లల్ని పోనివ్వొద్దు.